కారు లైసెన్సుతో లారీ ఎక్కాలంటే

కారు లైసెన్సుకు హెవీ చేర్పించుకోవడానికి రవాణా శాఖ అడిగే కాగితాలు పట్టుమని అరడజను ఉండవు. ఆఫీసు పని రెండు మూడు నెలల్లో తెమిలిపోతుంది. అందుకే చాలామంది దీన్ని ఒట్టి కాగితాల పనిగానే చూస్తారు. ఎవరికో డబ్బిచ్చి స్కూలు సర్టిఫికెట్ తెచ్చుకుంటారు, పరీక్ష రోజునే మొదటిసారి లారీ ఎక్కుతారు. అలా కార్డు చేతికొస్తుంది గానీ బండి చేతికి రాదు. అందుకని ఇక్కడ రెండు పనులూ వరసగా చెబుతాను: లైసెన్సు ఎలా తెచ్చుకోవాలి, అది వచ్చేలోపు బండి మీద ఏం నేర్చుకోవాలి.

ఇక్కడ చెప్పే నిబంధనలు 1988 మోటారు వాహనాల చట్టానివి, 1989 కేంద్ర నియమాలవి. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి, తెలంగాణలో ఒకటి అని ఉండవు. తేడా వచ్చేది పోర్టల్, స్లాటు, సేవా రుసుముల దగ్గరే.

1. అసలు మీకు హెవీ కావాలా?

చట్టం బండి పొడవును చూడదు, టైర్లనూ లెక్కపెట్టదు. ఖాళీ బండి బరువు, అది మోయడానికి అనుమతి ఉన్న లోడు, రెండూ కలిపిన మొత్తాన్నే చూస్తుంది. ఆర్‌సీలో గ్రాస్ వెహికల్ వెయిట్ అని ఉండేది ఇదే. ఆ అంకె 7,500 కిలోలు దాటకపోతే అది లైట్ మోటార్ వెహికల్. అక్కడి నుంచి 12,000 కిలోల దాకా మీడియం గూడ్స్. 12,000 దాటితే హెవీ గూడ్స్.

టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివి లైట్ కిందికే వస్తాయి. ఇలాంటి సరుకు బండి నడపడానికి కారు లైసెన్సు చాలదని, ట్రాన్స్‌పోర్ట్ అని విడిగా రాయించుకోవాలని బీమా కంపెనీలు ఏళ్ల తరబడి వాదించాయి. 2017లో సుప్రీంకోర్టు అక్కర్లేదంది. 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం కూడా అదే మాట ఖాయం చేసింది. మొత్తం బరువు 7,500 కిలోల లోపుంటే, కారు లైసెన్సు ఉన్నవాళ్లు ఆ తరగతి సరుకు బండి కూడా నడపవచ్చు. ప్రమాదకర సరుకు మోసే బండ్లకు మాత్రం అదనపు అర్హతలు ఉంటాయి.

కాబట్టి మీరు నడపబోయే బండి ఆర్‌సీ ముందు చూడండి. టాటా 709లో 7,490 కిలోలున్న మోడల్ ఉంది. అది గీతకు పది కిలోలు ఇవతల ఆగింది. అలాంటి బండి తోలుకుని బతకాలనుకునేవాళ్లు ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. ఆరు టైర్ల లారీ, పది టైర్ల టిప్పర్, ఆపై బండ్లు కావాలంటే ముందుకు రండి.

పెద్ద బండ్ల బరువు చాలావరకు పేరులోనే ఉంటుంది. టాటా 2818 అంటే సుమారు 28 టన్నుల మొత్తం బరువు, 180 చిల్లర హార్స్‌పవర్. అశోక్ లేలాండ్ 2820 అంటే 28 టన్నులు, 200 హార్స్‌పవర్. ముందు రెండంకెలు టన్నులు, వెనక రెండంకెలు పదులలో గుర్రాల శక్తి. ఆటోనగర్‌లో ఎవరైనా "నలభై ఎనిమిది ఇరవై అయిదు" అంటే ఇక మీరు తెల్లమొహం వేయనక్కర్లేదు.

2. అర్హత చూసుకోండి

రెండు షరతులకు మినహాయింపు లేదు. ట్రాన్స్‌పోర్ట్ బండి నడపడానికి 20 ఏళ్లు నిండాలి. కారు లైసెన్సు వచ్చి కనీసం ఏడాది కావాలి. బైకు లైసెన్సు ఎన్నేళ్ల నుంచి ఉన్నా ఈ ఏడాది లెక్కలోకి రాదు. కార్డు వెనక లైట్ మోటార్ వెహికల్‌కు ఎదురుగా ఉన్న తేదీ నుంచి లెక్కపెట్టండి.

ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2019లో కేంద్రం దాన్ని తీసేసింది. ఎవరైనా బడి సర్టిఫికెట్ సాకుతో డబ్బు అడిగితే ఈ సంగతి గుర్తు చేయండి.

కారు లైసెన్సులో పేరు, పుట్టిన తేదీ, చిరునామా ఆధార్‌తో సరిపోతున్నాయో లేదో కూడా ఇప్పుడే చూడండి. తప్పులుంటే ముందు దిద్దించుకుని తర్వాత హెవీకి వెళ్లండి. రెండూ ఒకేసారి పెట్టుకుంటే రెండూ ఆగిపోతాయి.

3. డాక్టరు దగ్గరికి

నలభై లోపు వయసువాళ్లు కారు లైసెన్సుకు ఆరోగ్యం బాగుందని సొంతంగా సంతకం చేసి ఇస్తే సరిపోయింది. ట్రాన్స్‌పోర్ట్‌కు అలా కుదరదు. వయసు ఎంతైనా రిజిస్టర్డ్ డాక్టరు సంతకంతో ఫారం 1ఎ ఇవ్వాలి. పట్టపగలు 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు చదవగలరా, ఎరుపు, ఆకుపచ్చ రంగులను వేరుగా గుర్తుపట్టగలరా, వినికిడి బాగుందా, కాళ్లూ చేతుల్లో బండి నడపడానికి అడ్డొచ్చే లోపం ఉందా అని ఆ ఫారం అడుగుతుంది. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు, వాటితో చూపు సరిపోతే చాలు.

స్కూలు ఫీజు కట్టే ముందే ఈ పరీక్ష చేయించుకోండి. రంగులు గుర్తుపట్టడంలో లోపం ఉన్నట్టు చాలామందికి పెద్దయ్యేదాకా తెలియదు. ఆ సంగతి డబ్బు కట్టాక తెలిస్తే కట్టిన డబ్బు వెనక్కి రాదు.

4. స్కూలు ఎంచుకోండి

కారుకైతే నేర్పే మనిషి ఉంటే చాలు, స్కూలు తప్పనిసరి కాదు. హెవీకి మాత్రం గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూలు ఇచ్చే ఫారం 5 సర్టిఫికెట్ కావాలి. కేంద్ర నియమాల ప్రకారం ట్రాన్స్‌పోర్ట్ శిక్షణ 30 రోజులకు తగ్గకూడదు, అందులో స్టీరింగు మీద గడిపే సమయం 15 గంటలకు తగ్గకూడదు. స్కూలు ఏదైనా ఈ రెండు అంకెలూ మీ హక్కు.

ఫీజు అడిగే ముందు నాలుగు విషయాలు అడగండి. నేర్పే బండి ఏది, దానికి ఎయిర్ బ్రేకులు ఉన్నాయా? ఒక్క బండి మీద రోజుకు ఎంతమంది నేర్చుకుంటున్నారు? ఒకసారైనా లోడు బండి మీద, ఒకసారైనా రాత్రిపూట నేర్పుతారా? రివర్స్ ఎక్కడ చేయిస్తారు? "రోజూ రానక్కర్లేదు, పరీక్ష రోజు మేం చూసుకుంటాం" అన్న స్కూలుకు దండం పెట్టి బయటికి రండి. తర్వాత రోడ్డు మీద బండి చూసుకోవాల్సింది మీరే.

మామూలు స్కూళ్లు కాక ఇంకో దారి ఉంది. 2021 నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలు మీడియం, హెవీ బండ్లకు ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ ఇస్తాయి. అక్కడ పాసైతే ఆర్టీఏ దగ్గర మళ్లీ ట్రాక్ పరీక్ష ఉండదు. పెద్ద శిక్షణ సంస్థలు మన దగ్గరా ఉన్నాయి. రాజన్న సిరిసిల్ల జిల్లా మండేపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో ఏర్పాటైన టైడ్స్ ఒకటి, ప్రకాశం జిల్లా దర్శిలోని డ్రైవింగ్ శిక్షణ సంస్థ ఇంకొకటి. ఏపీఎస్ ఆర్టీసీ కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ నేర్పుతోంది. మీకు దగ్గరలో ఏది ఉందో విచారించి, ప్రస్తుతం హెవీ బ్యాచ్ నడుస్తోందా, వాళ్లిచ్చే సర్టిఫికెట్‌తో ట్రాక్ పరీక్ష తప్పుతుందా అని కనుక్కుని వెళ్లండి.

5. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకోండి

కారు లైసెన్సు ఉన్నా హెవీకి కొత్తగా ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్సు) తీసుకోవాల్సిందే. రవాణా శాఖ పోర్టల్‌లో ఉన్న లైసెన్సు నంబరు కొట్టి, కొత్త తరగతి చేర్చే దరఖాస్తు ఎంచుకోండి. తరగతి దగ్గర ఆగి చదవండి. సరుకు లారీకి హెవీ గూడ్స్ వేరు, బస్సుకు హెవీ ప్యాసింజర్ వేరు, ట్రాన్స్‌పోర్ట్ అనే మాట మళ్లీ వేరు. 1994 సవరణతో చట్టం మీడియం, హెవీ తరగతులన్నిటినీ ట్రాన్స్‌పోర్ట్ వెహికల్ అనే ఒక్క పేరు కిందికి తెచ్చినా, పోర్టళ్లలో, కార్డుల మీద పాత పేర్లు ఇంకా తిరుగుతున్నాయి. అనుమానం ఉంటే క్లిక్ చేసే ముందు ఆఫీసులో అడగండి.

ఫారం 1ఎ, ఆధార్, ఉన్న లైసెన్సు అప్‌లోడ్ చేయాలి. కేంద్రం పెట్టిన ఫీజు ఎల్‌ఎల్‌ఆర్‌కు 150 రూపాయలు, డ్రైవింగ్ పరీక్షకు 300, కొత్త తరగతి చేర్చడానికి 500. రాష్ట్రం వేసే సేవా రుసుములు దీనికి అదనం. మొత్తం ఎంతో పోర్టల్ చూపిస్తుంది, రసీదు దాచుకోండి.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. తీసుకున్న 30 రోజుల తర్వాతే పరీక్షకు వెళ్లగలరు. ఈలోపు బండికి ముందూ వెనకా ఎర్ర ఎల్ బోర్డు ఉండాలి, ఆ బండికి లైసెన్సు ఉన్న శిక్షకుడు పక్కన కూర్చోవాలి.

6. ఈ నెల రోజుల్లో ఏం నేర్చుకోవాలి

అసలు పని ఇదే. కారులో వచ్చిన అలవాట్లు కొన్ని పక్కన పెట్టాలి, కొన్ని తిరగరాసుకోవాలి.

ఎక్కే ముందు బండి చుట్టూ తిరగండి. ఇనుప రాడ్డుతో ఒక్కో టైరును కొట్టి చప్పుడు వినండి. వెనక జంట టైర్లలో లోపలిది దిగిపోయినా పక్కది బరువు మోస్తూ నిలబెడుతుంది, కంటికి కనిపించదు. గాలి ఉన్న టైరు గట్టిగా మోగుతుంది, దిగిన టైరు మెత్తగా పలుకుతుంది. జంట టైర్ల మధ్య రాయి ఇరుక్కుంటే అప్పుడే తీసేయండి. స్పీడు అందుకున్నాక అది ఎగిరి వెనక వచ్చే బండి అద్దానికి తగలొచ్చు. తర్వాత ఆయిల్, కూలెంట్, లైట్లు చూడండి. బీఎస్-6 బండ్లలో యాడ్‌బ్లూ మట్టం కూడా చూడాలి.

ఎయిర్ ఎక్కనివ్వండి. కారు స్టార్టు చేసి వెంటనే కదులుతాం. లారీ అలా కాదు, బ్రేకులు నడిచేది గాలి ఒత్తిడితో. ఇంజను స్టార్టయ్యాక కంప్రెసర్ ట్యాంకుల్లోకి గాలి నింపుతుంది. ప్రెషర్ తక్కువ ఉన్నంతసేపు బజరు మోగుతూనే ఉంటుంది. మీటరు ముల్లు పైకెక్కి, బజరు ఆగేదాకా ఆగండి. పార్కింగ్ బ్రేకును పట్టి ఉంచేది లోపలి బలమైన స్ప్రింగు, దాన్ని వదిలించేది గాలి. అందుకే గాలి పోయిన లారీ చక్రాలు బిగుసుకుని నిలబడిపోతుంది. నడుస్తుండగా బజరు మోగితే ఆలోచన వద్దు. మిగిలిన గాలి ఉండగానే ఎడమకు తీసి ఆపండి.

మలుపు ఆలస్యంగా తిప్పండి. కారులో ముందు చక్రాలు మీకంటే ముందుంటాయి. చదును ముక్కు లారీలో అవి మీ సీటు కిందో, కాస్త వెనకో ఉంటాయి. కారు అలవాటుతో మూల రాగానే స్టీరింగు తిప్పితే చక్రం మూల మీదికి ఎక్కుతుంది. మీరు మూల దాటాక తిప్పాలి. దీనికి తోడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. బండి ఎంత పొడవైతే కోత అంత ఎక్కువ. మన రోడ్ల మీద ఎడమ మలుపు ఇరుకు, మీరు కూర్చునేది కుడి పక్క. అంటే మీకు తక్కువ కనిపించే వైపే బండి ఎక్కువ కోస్తుంది. బైకు చొరబడేదీ ఆ సందులోకే. ఎడమ మలుపు మొదలుపెట్టేముందు ఒకసారి, సగంలో ఒకసారి, అయ్యాక ఒకసారి ఎడమ అద్దం చూడటం అలవాటు చేసుకోండి.

గేర్లు. చాలా లారీల్లో ఆరు ఫార్వర్డ్ గేర్లు, కొన్నింట్లో తొమ్మిది. తొమ్మిది గేర్ల బండ్లలో గేరు రాడ్డు మీదే లో, హై మార్చే మీట ఉండటం మామూలు. ఖాళీ బండిని సాధారణంగా మొదటి గేరుతో కాకుండా పై గేరుతోనే కదుపుతారు. లోడు మీద, ఎత్తు మీద కింది గేరు తప్పదు. మీ బండికి ఏది సరిపోతుందో శిక్షకుడిని అడిగి రెండు రకాలుగా కదిపి చూడండి. ఇంజను చప్పుడు విని గేరు మార్చడం వచ్చేదాకా టాకోమీటరులోని ఆకుపచ్చ పట్టీ చూస్తూ నడపండి.

దూరం. స్పీడు రెండింతలైతే ఆగడానికి బ్రేకు పట్టే దూరం నాలుగింతలవుతుంది. ఇది కారుకూ వర్తిస్తుంది. లారీలో గొట్టాల్లో గాలి చేరి బ్రేకు పట్టడానికి కొంచెం సమయం కూడా పోతుంది. ముందు బండి ఒక స్తంభం దాటాక మీరు ఆ స్తంభం చేరడానికి ఎన్ని సెకన్లు పడుతోందో లెక్కపెట్టండి. అయిదు లోపుంటే వెనక్కి తగ్గండి. వానలో ఇంకా పెంచండి.

ఘాట్ దిగడం. కడప, రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్ లాంటి చోట్ల లారీలు అదుపు తప్పడానికి ఎక్కువగా వినిపించే కారణం బ్రేకులు పట్టకపోవడం. బ్రేకు పాడవడం వేరు, వేడెక్కి పట్టు పోవడం వేరు. దిగువంతా పెడల్ తొక్కుతూ వస్తే డ్రమ్ములు కాలిపోతాయి, ట్యాంకులో గాలీ ఖర్చవుతుంది. పాత డ్రైవర్ల లెక్క ఒకటుంది: ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఆ గేరు దిగువ మొదలయ్యేముందే వేసుకోవాలి, సగం దిగాక పడదు. బండిని ఇంజను, ఎగ్జాస్ట్ బ్రేకు పట్టి ఉంచాలి. పెడల్ అప్పుడప్పుడూ గట్టిగా తొక్కి వదలాలి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దింపే వాళ్లను చూసి ఆ పని నేర్చుకోవద్దు. న్యూట్రల్‌లో ఇంజను బండిని ఆపదు. ఇంజను కూడా ఆపేస్తే పవర్ స్టీరింగు, గాలి రెండూ పోతాయి.

రివర్స్. లారీ వెనక ఏముందో అద్దాలు పూర్తిగా చూపించవు. క్లీనరు దిగి, మీకు అద్దంలో కనిపించే చోట నిలబడాలి. బాడీ మీద చేత్తో కొట్టే దెబ్బలకు ఒక్కో బండిలో ఒక్కో అర్థం. ఎన్ని కొడితే రమ్మనో, ఎన్ని కొడితే ఆగమనో ముందే మాట్లాడుకోండి. అద్దంలో క్లీనరు కనిపించకపోతే అక్కడే ఆపేయండి. ఒంటరిగా ఉంటే దిగి చూసి ఎక్కండి.

7. పరీక్ష రోజు

స్లాటు బుక్ చేసేటప్పుడే స్కూలుతో మాట్లాడి బండి ఖాయం చేసుకోండి. పరీక్ష మీరు అడిగిన తరగతి బండి మీదే ఇవ్వాలి. దానికి ఫిట్‌నెస్, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ అమల్లో ఉండాలి. బండి కాగితం ఒక్కటి గడువు దాటినా మీ స్లాటు పోవచ్చు. ఎల్‌ఎల్‌ఆర్, ఫారం 5, పాత లైసెన్సు, రసీదు వెంట ఉంచుకోండి.

బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని మనం పిలిచే ఎంవీఐ చూసేది స్టీరింగు తిప్పడం ఒక్కటే కాదు. అద్దాలు సర్దుకున్నారా, ప్రెషర్ చూశారా, కదిలేముందు వెనక చూశారా, సిగ్నల్ ఇచ్చారా, ఎత్తు మీద వెనక్కి జారకుండా కదిపారా, వెనక్కి తీసేటప్పుడు హద్దు తగలకుండా తీశారా అన్నీ చూస్తారు. తొందరపడకండి. నెమ్మదిగా నడిపినందుకు ఎవరూ ఫెయిల్ చేయరు.

పాస్ కాకపోతే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే చివరి పరీక్ష నుంచి 60 రోజులు ఆగాలి.

8. కార్డు వచ్చాక

కార్డు రాగానే తరగతి సరిగా పడిందో లేదో చూడండి. తర్వాత తేదీలు చూడండి. ఇప్పుడు రెండు గడువులు ఉంటాయి. ఎన్‌టీ (నాన్ ట్రాన్స్‌పోర్ట్) దగ్గర ఉన్నది మీ కారు, బైకులకు. టీఆర్ (ట్రాన్స్‌పోర్ట్) దగ్గర ఉన్నది లారీకి, అది అయిదేళ్లే. కారు గడువు ఇంకా పదేళ్లుందని ధీమాగా తిరిగితే, టీఆర్ ఎప్పుడో అయిపోయిన సంగతి చెక్‌పోస్టులోనో, ప్రమాదం జరిగాక బీమా కంపెనీ చెబితేనో తెలుస్తుంది. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ డ్రైవింగ్ పరీక్ష పెడతారు. రెన్యువల్‌కు మళ్లీ ఫారం 1ఎ కావాలి.

పెట్రోలు, గ్యాస్, రసాయనాల ట్యాంకర్లకు ఈ కార్డు ఒక్కటే చాలదు. ప్రమాదకర సరుకుల శిక్షణ విడిగా తీసుకుని, ఆ మాట లైసెన్సు మీద రాయించుకోవాలి. దాని గడువు మూడేళ్లు. గల్ఫ్ వెళ్లి ట్రయిలర్ నడపాలనుకునేవాళ్లు అక్కడి లైసెన్సు అక్కడి పరీక్ష రాసి తీసుకోవాల్సి ఉంటుందని ముందే తెలుసుకోండి. ఏజెంటు మాట నమ్మి ఈ కార్డుతోనే పని అయిపోతుందనుకోవద్దు.

సరైన తరగతి లేకుండా నడిపితే 5,000 రూపాయల జరిమానా, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. అలాంటివాడికి బండి ఇచ్చిన యజమానికీ శిక్ష ఉంటుంది.

9. మొదటి ఆరు నెలలు

కొత్త కార్డుతో నేరుగా పదహారు టైర్ల బండి అడగకండి. ఆరు టైర్ల మీద, తెలిసిన దారిలో, పగటిపూట మొదలుపెట్టండి. అనుభవం ఉన్న డ్రైవరు పక్కన సెకండ్ డ్రైవరుగా ఆరు నెలలు తిరిగితే స్కూలు నేర్పనివి వస్తాయి: లోడు ఇరుసుల మీద సమంగా సర్దించడం, పట్టా కప్పి తాడు బిగించడం, కాటా చీటీ చదవడం, వే బిల్లులో బండి నంబరు సరిచూసుకోవడం.

లోడు దగ్గర మొహమాటం వద్దు. అనుమతికి మించి ఎక్కిస్తే జరిమానా 20,000 రూపాయలు, మించిన ప్రతి టన్నుకూ మరో 2,000. బ్రేకు దూరం పెరిగేది, టైరు పేలేది కూడా అక్కడే. కాటా వేయించకుండా కదలనని చెప్పడం నేర్చుకోండి. పని గంటల సంగతీ అంతే. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం 2025లో రద్దయ్యేదాకా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే అంటూ వచ్చింది. రోడ్డు మీద ఆ లెక్క ఎవరూ పాటించకపోయినా, కళ్లు మూతలు పడుతున్నాయని తెలిసినప్పుడు బండి పక్కకు తీసే హక్కు మీది.

ఏ యజమాని అయినా కొత్త డ్రైవరును మొదటి రోజు గమనించేది స్పీడును కాదు. బండి చుట్టూ తిరిగాడా, ఎయిర్ ఎక్కేదాకా ఆగాడా, రివర్స్‌కు ముందు దిగి చూశాడా అన్నదే. ఈ మూడూ అలవాటైతే రెండో ట్రిప్పుకు మిమ్మల్నే పిలుస్తారు.